హుస్సేన్ పేరు మీద ట్రయల్ ఎంట్రీ

అతియా జనన మరణాల నమోదు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఎవరి తండ్రి పోయాడన్నా, ఎవరి బిడ్డ పోయిందన్నా "ఇంటి పేరు చెప్పండి" అనడం తప్ప ఆమె మొహంలో మార్పుండదు. ఆమె వెనకాల "రాయి" అనుకునేవాళ్లున్నారు. అనుకోనీ. కరోనా తగ్గిన ఏడాది ఆమె భర్త హుస్సేన్ ట్రాలీ ఆటో వేసుకుని వెళ్లి మళ్లీ రాలేదు. ఆటో మేడ్చల్ దారిలో దొరికింది, మనిషి దొరకలేదు. పోలీస్ స్టేషన్లూ ఆసుపత్రులూ తిరిగి తిరిగి అతియాకు ఏడుపు ఇంకిపోయింది, భయమూ పోయింది. అడిగిన ప్రతిచోటా రాసి రాసి అతని ఆధార్ నంబరు మాత్రం నోటికి వచ్చేసింది.

అల్వాల్‌లోని ఆ ఇంట్లో ఇప్పుడు తనూ, అత్త మాబూబీ. కొడుకు వస్తాడనే మాబూబీ నమ్మకం. అతని చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేయిస్తుంది. రేషన్ కార్డులో పేరుంది కాబట్టి అతని వంతు బియ్యం తెచ్చి వేరే డబ్బాలో పోస్తుంది. "వచ్చినంక తింటడు" అంటుంది. అతియా అవుననదు, కాదనదు.

ఆఫీసు సర్వర్ వెనక గదిలో ఉండేది. లూకా అనే ఆయన దాన్ని పసిబిడ్డలా సాకేవాడు. అయినా ఒక వానాకాలం గదిలోకి నీళ్లొచ్చి అది మూలబడితే, సైనిక్‌పురి నుంచీ ఏ.ఎస్. రావు నగర్ నుంచీ జనం సర్టిఫికెట్ల కోసం చెప్పులరిగేలా తిరిగారు. తిట్లన్నీ తిన్నది అతియా. అందుకే ఆఫీసు ఆఫీసుకో సర్వర్ తీసేసి సర్కారు సమాచారమంతా ఒక్కచోట, క్లౌడ్‌లో పెడతామన్నప్పుడు అందరికంటే ఆమే ఎక్కువ సంతోషించింది. ఇక్కడ ఎక్కిస్తే ఎక్కడైనా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పెన్షన్‌కూ రేషన్‌కూ కబురు దానంతటదే పోతుంది. మంచిదే కదా.

శిక్షణ రోజు తలా ఒక మరణం ఎక్కించి చూడమన్నారు. ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ట్రయల్ కోసమైనా సరే, బతికున్నవాళ్ల పేరు మరణాల్లో కొట్టరు, అపశకునం. ఎవరి ఇంట్లో పోయినవాళ్ల పేరు వాళ్లు కొడతారు. సాయంత్రం లూకా అన్నీ తుడిచేస్తాడు. పక్క సీటు మార్త ఎప్పటిలాగే తండ్రి పేరు కొట్టింది. ఈ వ్యక్తి మరణం ఇదివరకే నమోదైందంటూ కొత్త సిస్టమ్ తిప్పికొట్టింది.

"మా నాయినను రెండోసారి సావనిస్తలేదు" అని మార్త నవ్వింది.

అతియా తండ్రి పేరుకూ అదే గతి పట్టింది. ఇంకెవరున్నారని ఆమె ఆలోచించనైనా లేదు. వేళ్లు హుస్సేన్ నంబరు కొట్టేశాయి. సిస్టమ్ తీసుకుంది.

పోయినవాళ్ల వరసలో అతన్ని ఎప్పుడు కలిపేసిందో ఆమెకే తెలియదు. ఏమీ అనిపించలేదు. సాయంత్రం లూకా తుడిచేస్తాడులే అనుకుని టీకి లేచింది. సర్వర్ పోయింది కనుక లూకాను నీటి పన్ను సెక్షన్‌కు మార్చేశారన్న సంగతి అందరికీ తెలుసు, ఒక్కరికీ తట్టలేదు.

రెండు రోజులకు మాబూబీ రేషన్ షాపులో వేలిముద్ర వేసింది. డీలర్ సదాశివ మిషన్ చూసి, "అమ్మా, ఇద్దరి బియ్యమే వస్తున్నయ్. హుస్సేన్ సచ్చిపోయిండని పడ్డది, పేరు తీసేసిండ్రు" అన్నాడు. ఆమె సంచి అక్కడే వదిలేసి, ఆటో ఎక్కి నేరుగా కోడలి ఆఫీసుకు వచ్చింది.

"ఏందీ గిది బిడ్డా? నా కొడుకును ఎవరు సంపిండ్రు? ఇయ్యాలనే సరిజేయించు."

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి అతియా ఆఫీసర్ వేణుమాధవ్ దగ్గర జరిగింది చెప్పింది. ఆయన తిట్టలేదు.

"లూకా ఉన్నప్పుడైతే నిమిషం పని. ఇప్పుడు మన చేతుల లేదమ్మా, పైకి పంపాలె. ఆయనొచ్చి వేలిముద్ర వెయ్యాలె. లేదంటే ఆయన బతికున్నట్టు నాకు తెలుసని నువ్వు రాసియ్యాలె. ఒక్క లైనే గద, రాసెయ్."

ఆమె తన సీట్లో కూర్చుని "నా భర్త" అని కొట్టింది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. అబద్ధానికి ఆమెకేమీ అభ్యంతరం లేదు. ఆ పెద్దామె కోసం ఏమైనా రాసేది. కానీ రాస్తే మాబూబీ ఇంకా ఎన్నేళ్లైనా ఆ చొక్కాలు ఇస్త్రీ చేయిస్తుంది, తను అవుననకుండా కాదనకుండా పక్కనే నిలబడాలి. ఆ ఓపిక ఇక లేదు. కొట్టిన రెండు మాటలూ చెరిపేసి బయటికి వచ్చింది.

మాబూబీ లేచి నిలబడింది. "అయిందా?"

"లేదు అత్తమ్మా. కంప్యూటర్ తప్పు కాదు. నేనే ఎక్కించిన."

"నువ్వా? ఎందుకే?"

"పోయినోళ్ల పేరు కొట్టమన్నరు. నాకు ఆయన పేరే వచ్చింది."

మాబూబీ కొట్టలేదు, అరవలేదు. కొంగు తల మీదికి లాక్కుంది. చావు కబురు వింటే అనే మాట ఇన్నేళ్లలో హుస్సేన్ విషయంలో వాళ్లిద్దరూ ఎన్నడూ అనలేదు. ఇప్పుడు ఆమె అంది. "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్."

కోడలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు సుత అను బిడ్డా."

అతియా మొదలుపెట్టింది. సగంలోనే, కౌంటర్ దగ్గర జనమంతా చూస్తుండగానే ఏడ్చేసింది. మిగతా సగం మాబూబీయే చెప్పింది.