పెన్నేరుగడ్డ పాలు

హిందూపురంలో మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, నిద్ర పట్టడం లేదని, మనసు బాగుండటం లేదని అశ్వగంధ పొడి డబ్బా తెప్పించుకుంది. నిన్న మధ్యాహ్నం ఆమె మూత తీయగానే తడిమట్టీ గుర్రపు చెమటా కలిసినట్టుండే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి, నేను కాసేపు వరండాలోకి వెళ్లి నిలబడవలసి వచ్చింది. మా ఊళ్లో దాన్ని పెన్నేరుగడ్డ అనేవాళ్లు. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ భయమే.

మాది పెనుకొండ దగ్గర పల్లె. నాయన ధర్మవరంలో మగ్గం నేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నేను, నాయనను కన్న అవ్వ ఉండేవాళ్లం. నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకు పుట్టిన మగబిడ్డ కన్ను తెరవకుండానే పోయాడు. అంతకుముందు రోట్లో కారం నూరుతూ, కోళ్లను అదిలిస్తూ, గోడకు అటువైపున్న పొరుగింటామెతో గొంతెత్తి మాట్లాడే మా అమ్మ, ఆసుపత్రి నుంచి వచ్చాక గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ ఉగాదికి ఒబ్బట్ల కోసం పొయ్యి మీద పెట్టిన బెల్లం మాడి ఇల్లంతా పొగ కమ్మినా, పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. అవ్వ ఎవరి మాటా వినలేదు. తెల్లవారుతూనే అమ్మ చేయి పట్టుకుని చేను గట్ల వెంబడి నడిపించేది, లేత ఎండ వీపుకు తగిలేలా అరుగు మీద కూర్చోబెట్టి నువ్వుల నూనె మాడుకు పట్టించేది, రాగి సంగటిని మునగాకు పప్పులో అద్ది చిన్నపిల్లకు పెట్టినట్టు నోటికి అందించేది. మధ్యాహ్నాలు వీధిలోని ఆడవాళ్లను పిలిచి, అమ్మను మధ్యన కూర్చోబెట్టి, అందరి చేతా చెనక్కాయలు ఒలిపించేది. పొద్దుగూకాక పెన్నేరుగడ్డ పొడి కలిపిన వేడిపాలు తాగించేది. నాకు అప్పజెప్పిన పని ఒకటే.

"మీయమ్మని ఒంటిగా ఇడ్సాకు పాపా. ఆయమ్మ యాడికి పోతే ఆడికి పో. ఎందుకని అడగాకు."

ఎందుకని అడగొద్దన్నందుకే నాకు భయం పట్టుకుంది. బడి నుంచి వచ్చేటప్పుడు మా సందు మలుపు దగ్గర ఆగిపోయేదాన్ని. ముందు గడప దగ్గర అమ్మ చెప్పులున్నాయా అని చూసేదాన్ని, తర్వాత గాజుల చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. అచ్చనగండ్లు ఆడుతున్నా కళ్లు అమ్మ మీదే ఉండి రాళ్లు జారిపోయేవి. ఒలుపుల దగ్గర ఎవరి మాటకో అమ్మ పెదవి కాస్త కదిలితే అవ్వ ముఖం విచ్చుకునేది. మర్నాటికి మళ్లీ గోడే.

చెనక్కాయ పీకే కాలంలో ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి గడప దగ్గర చెప్పులు లేవు. అవ్వ పొరుగింటామెను కాపలా పెట్టి కూలీలను పిలవడానికి వెళ్లింది. అమ్మ పడుకుందనుకుని ఆమె నీళ్లకు పోయింది. నేను చేలకు అడ్డంపడి పరుగెత్తాను. ఎక్కడికో నాకెవరూ చెప్పలేదు, అయినా కాళ్లు మా చేనులోని దిగుడుబావి వైపే పోయాయి. అమ్మ పై మెట్టు రాతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని కొంగు పట్టుకున్నాను. అమ్మ నావైపు చూడలేదు, కొంగు లాక్కోనూ లేదు.

అవ్వ రొప్పుతూ వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. అమ్మకు అటువైపు కూర్చుని చాలాసేపు వీపు నిమిరి అంది: "నా చేతనయింది చేసినానమ్మీ. ఇది నా పాలతో పొయ్యేది గాదు. రేపు హిందూపురం డాక్టరు కాడికి పోదాం."

పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని ఊరు కోడళ్ల గురించి ఎలా మాట్లాడుతుందో అవ్వకు తెలుసు. అందుకే బస్సులో ఎవరడిగినా, "నాకే తల బాగలేదప్పా, నా కోడలు పిల్చకపోతాండాది" అని చెప్పింది. డాక్టరు అంతా విని మాత్రలు రాశాడు. వాటితోపాటు ఆ పొడి మాత్రం వద్దన్నాడు. నడక, ఎండ, తిండి, నలుగురి మధ్య కూర్చోవడం మానొద్దన్నాడు. అవ్వ చిన్నబుచ్చుకోలేదు, పాలు ఉత్తివే కాచింది.

మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది. చలికాలంలో ఒకరోజు పప్పులో ఉప్పెక్కువైందని అమ్మ అవ్వతో గొడవకు దిగింది. అవ్వ మాటకు మాట అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా భయం మాత్రం అంత తొందరగా తగ్గలేదు. పెద్ద తరగతులకు వచ్చాక కూడా ఆ సందు మలుపులో నా అడుగు తడబడేది.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ చేను ఇప్పుడు రాళ్లు పాతిన ప్లాట్లు, బావి పూడ్చేశారు. చెనక్కాయలు మిషన్లు ఒలుస్తున్నాయి, ఒకరి దుఃఖం చుట్టూ పదిమంది కూర్చునే ఆ మధ్యాహ్నాలు మా వీధిలో లేవు. అమ్మ హిందూపురంలో నా దగ్గరే ఉంటుంది. నిన్న సాయంత్రం ఇంటికి రాగానే, ఇన్నేళ్లూ అడగనిది అడిగాను, ఆ పొద్దు బావి కాడ ఏమనుకున్నావమ్మా అని.

అమ్మ ఏరుతున్న బియ్యం చాట పక్కన పెట్టింది.

"భయమైందే. నా కాళ్లు నన్ను యాడికి తీసకపోతాయోనని ఆ రాయి పట్టుకొని కూర్చుంటి. ఎవురన్నా రారా అని చూస్తాంటి. నువ్వొస్తివి."