పది రూపాయల నూనె మీద రూపాయి

ఊరి సభలో గంగులయ్య ప్లాస్టిక్ కుర్చీ వెనక కాళ్ళు ఇసకలో దిగబడి, ఆయన మైకుతో సహా వెల్లకిలా పడినాడు. మైకు చేతిలోనే ఉండటాన ప్రసంగం ఆగలేదు. "సంపాదన మీద పన్ను వెయ్యడం అన్యాయం" అనే ముక్కని ఆకాశం వంక చూస్తూనే పూర్తి చేసినాడు. ఇద్దరు లేపి ఇసక దులిపినారు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఊరికి పెద్దకాపు, కట్టుబాట్లు తేల్చే కాపులందరికీ పెద్ద, మూడు బోట్ల ఆసామి.

పేరమ్మ కూడా నవ్వలేదు. మామూలు రోజయితే ఆమె నవ్వు రేవు దాకా వినపడేది.

యాభై దాటిన మనిషి. మొగుడు ఆదెయ్య నడుం దెబ్బతిని ఇంటిపట్టున వలలు బాగుచేస్తుంటాడు. తెల్లారి రేవులో వేలంపాట పాడి రెండు గంపల చేపలు తీసుకుని, కోవూరు పోయి అమ్ముకొచ్చేది పేరమ్మే. ఇంట్లో ఆరు నోళ్ళు. తూకంలో తొండి చేసిన హోటలాయన నెత్తిన ఒకసారి చేపనీళ్ళు కుమ్మరించింది. మర్నాటి నుంచి ఆయనే ఖాయం బేరం.

ఇన్నాళ్ళూ రేవు దీపాలకీ, జబ్బుపడినోళ్ళ సాయానికీ బోటోళ్ళు వేట డబ్బుల్లో నూటికి మూడు రూపాయలు ఇచ్చేవాళ్ళు. కృష్ణపట్నంలో గంగులయ్యకి అద్దె ఇళ్ళున్నాయి. ఇన్‌కంటాక్సు కట్టినప్పుడల్లా కడుపుమంట. దేశమంతా ఇన్‌కంటాక్సు ఎత్తేసి, కొనే సరుకు మీదే పన్ను పెట్టాలని ఎవరో చెప్పిన వీడియో ఫోనులో చూసినాడు. దేశం ఎప్పటికి వింటుందో ఏమో, ముందు ఊరితో మొదలుపెడదామనుకున్నాడు. బోటు పన్ను రద్దు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క అంగడి సర్దార్‌బీది. అందులో ఏం కొన్నా పదికి అర్ధరూపాయి. కట్టనోళ్ళు రేవులో పాట పాడకూడదు.

ఈ రోజుల్లో అర్ధరూపాయి ఎవరి దగ్గరుంది? సర్దార్‌బీ దాన్ని రూపాయి చేసింది. పేరమ్మ కొనేది పూటకి పది రూపాయల నూనె, పది రూపాయల చింతపండు. పదికి పదకొండు. నెల రోజులు కట్టి, మొన్న మానేసింది. రెండు రోజులుగా ఆమెని పాటకి రానివ్వలేదు. గంపలు బోర్లించి ఉన్నాయి. రేపు కూడా అంతే అయితే పొయ్యిలో నిప్పుండదు.

అందుకే సభలో, ఆడోళ్ళు వెనక కూర్చుని వినాలనే కట్టుబాటుని పక్కన పెట్టి లేచింది.

"మే, కూర్చో! ఆడోళ్ళకి ఈడేం పని?" అన్నాడు గంగులయ్య.

"అంగటికి పొయ్యేది ఆడోళ్ళే గదన్నా! పన్ను కట్టేదానికి మేము, నోరు తెరిచేదానికి మీరా?" అని అంగడావిడ వైపు తిరిగింది. "సర్దార్‌బీ అక్కా, ఈ నెల గంగులన్న నీ దగ్గర ఏం కొనినాడో చెప్పు."

సర్దార్‌బీ ముసుగు సర్దుకుంది. "ఒక అగ్గిపెట్టె."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా. రెండు రూపాయలది. పది లోపు గాబట్టి దానికి పన్ను రాదు."

"ఇన్నారా! మూడు బోట్ల మనిషి, ఒక అగ్గిపెట్టె! మీ ఇంటికి బియ్యం నెల్లూరు నుంచి మూటల్లో దిగుతాయి. మా ఇంటికి నూనె కవర్లో వస్తుంది. సముద్రం నీకిచ్చిందంతా నీదే, నా మనవరాలి ముద్దలో మాత్రం ఊరికి వాటానా? సిగ్గుండాల!"

బోటు మీద కూలికి పొయ్యే మాలకొండయ్య లేచి, "మా ఇంట్లోనూ ఇదే కత" అన్నాడు. ఆయన వెనక ఇంకో పదిమంది. పొద్దుగూకక ముందే కాపులు తలలు దగ్గర పెట్టుకుని తేల్చేసినారు: అంగడి పన్ను రద్దు, బోటు పన్ను మళ్ళీ మామూలే. రేపు పేరమ్మ పాటకి రావచ్చు.

గంగులయ్య ఉక్రోషం పట్టలేకపోయినాడు. "కొనకుండా ఉంటే ఆ పన్నే పడదు గదా! సంపాదించకుండా నేనెట్టా ఉండేది మే?"

"ఒక్క వారం తినకుండా ఉండి చూపించన్నా, నీ బోట్ల పన్ను నేను కడతా."