లేని పేరయ్యకు బస్తాలు

సత్తెనపల్లి కోల్డ్ స్టోరేజీ మేడమీద గదిలో కూర్చునే అర్ఫా, పేరయ్య అనే లేని రైతుకి మిరప బస్తాలు రాసిస్తోందని నలుగురి నోటా పాకిపోయింది. ఆ పిల్ల మంచినీళ్ల దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

మాట చెవిన పడ్డాక సుబ్బరావమ్మకు అన్నం సయించలేదు. ఆవిడ ఏడాది కష్టమంతా, నలభై రెండు బస్తాల తేజ మిర్చి, ఆ చలిగదుల్లోనే ఉంది. బస్తాలు దాచినప్పుడిచ్చిన చీటీ కొంగున ముడేసుకుని బస్సెక్కింది.

అర్ఫా పరుపులు కుట్టే హయాత్ కూతురు. గుంటూరులో డిగ్రీ చదివొచ్చి, రైతులు ఫోన్లోనే బస్తాలు విడిపించుకునే వెబ్‌సైటు తయారు చేస్తోంది. మర్నాడే మొదలు. సుబ్బరావమ్మ చప్పుడు కాకుండా వెనక నిలబడి చూసింది. తెరమీద పేరయ్య పేరు, పక్కనే బస్తాలు.

"ఏమ్మాయ్, ఎవరీ పేరయ్య? ఏ ఊరు?"

అర్ఫా ఉలిక్కిపడింది. "ఏ ఊరూ కాదండి. నేనే పెట్టాను."

"ఒప్పుకున్నావ్! మీ నాన్న దూది తూకంలో ఏనాడూ తేడా చెయ్యలేదు. నీకెక్కడిదే ఈ బుద్ధి?"

"ఇది పరీక్ష పిన్నిగారూ. అడిగినవాళ్లకి బస్తాలివ్వాలా వద్దా అని తేల్చే ప్రోగ్రాం ఉంటుంది, కంట్రోలర్ అంటాం. దాన్ని పరీక్షించడానికి నిజం సరుకు కదపలేం కదండీ. అందుకే ఉత్తుత్తి రిజిస్టరు ఒకటి పెడతాం. మనం నేర్పిన జవాబే చెబుతుంది. అది స్టబ్. ఇంకోటి ఉత్తుత్తి గేటు. తెరవమని తనకి ఎన్నిసార్లు చెప్పారో లెక్కచెబుతుంది. అది మాక్."

"ఉత్తుత్తి గేటు, ఉత్తుత్తి బస్తాలు. నేను పాలు తాగే పిల్లలా కనపడుతున్నానా?"

అర్ఫా ఒక మీట నొక్కింది. వరసగా పచ్చగీతలు. "చూడండి, అన్నీ పాసయ్యాయి."

సుబ్బరావమ్మ గీతల్ని కాదు, పిల్ల మొహాన్ని చూస్తోంది. "మరి నా చీటీ నంబరు ఆ పేరయ్య చెబితే?"

అర్ఫా తను రాసిన ప్రోగ్రాం మళ్లీ తెరిచి చదివింది.

ఇక్కడ చీటీ ఎవరైనా తెస్తారు. అల్లుడో, పక్కచేను వాళ్లో. కాపలా నతానియేలు మొహం చూసి, ఎవరి తాలూకు అని అడిగి గేటు తీస్తాడు. చీటీ ఎవరైనా తెస్తారు కదా అని అర్ఫా, నంబరు సరైనదేనా అన్నంతవరకే ప్రోగ్రాంని చూడమంది. నతానియేలు అడిగే మాట అడిగించలేదు.

ఉత్తుత్తి రిజిస్టరుకి, ఈ నంబరు సుబ్బరావమ్మది అని నేర్పింది. పేరయ్య చేత అడిగించింది. గేటుకి ఒక్కసారి కూడా కబురు వెళ్లకూడదు. మీట నొక్కింది.

ఎర్రగీత.

"ఎర్రగా వచ్చిందేం?"

"పేరయ్య అడిగితే ప్రోగ్రాం గేటు తీయమందండి."

"నా బస్తాలకా?"

అర్ఫా లేచి మెట్లు దిగింది. ఎక్కడికి పారిపోతుందోనని సుబ్బరావమ్మ వెనకాలే వెళ్లింది. ఆ పిల్ల నేరుగా మేనేజరు మాలిక్ గదిలో దూరింది.

"రేపు మొదలుపెట్టొద్దు సార్."

"ఊరూరా చాటించాం కదమ్మా! చిన్నదేమైనా ఉంటే తర్వాత చూసుకో."

"చిన్నది కాదు సార్. వద్దు."

అయినా సుబ్బరావమ్మకు నమ్మకం కుదరలేదు. నతానియేలు చేత చలిగది తలుపు తీయించి, వణుక్కుంటూ తన బస్తాల మీది గుర్తులన్నీ తడిమి చూసుకుంది. నలభై రెండూ ఉన్నాయి.

ఊళ్లో పేరయ్య బస్తాల మాట ఇంకా నడుస్తూనే ఉంది. అందులో లేనిదల్లా ఇది: వెబ్‌సైటు పదకొండు రోజులు ఆలస్యంగా మొదలైంది, తప్పు సరిదిద్దేదాకా దాన్ని ఆపించింది అర్ఫాయే.