ఆ రోజు వినిపించిందా

చెవులు పరీక్ష చేసే ఉద్యోగంలో నేను చేరేనాటికి మేము షికాగో పక్కనున్న నేపర్‌విల్ వచ్చి రెండేళ్ళయింది. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నేను గుంటూరులో బీయస్సీ చదివి, పెళ్ళయి వచ్చాక ఇక్కడ మళ్ళీ కాలేజీకి వెళ్ళి ఆడియాలజీ చదివాను. ఎనభైల మొదట్లో షికాగోలో మాజీ సైనికులకు వైద్యం చేసే ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేదాన్ని.

అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది ఫిరంగుల దగ్గరో, విమానాల దగ్గరో, ట్యాంకుల్లోనో పనిచేసినవాళ్ళు. వాళ్ళ వినికిడి గ్రాఫులన్నీ ఇంచుమించు ఒకలాగే ఉండేవి. బరువైన శబ్దాల దగ్గర గీత తిన్నగా నడిచి, సన్నటి శబ్దాల దగ్గరికి రాగానే గోతిలో పడ్డట్టు దిగిపోయేది. అలాంటివాళ్ళకి లారీ మోత వినిపిస్తుంది. పిల్లల మాట వినిపించదు.

నేను చెప్పబోయే ఆయన వచ్చింది జనవరిలో, బాగా మంచు పడిన రోజు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. వియత్నాంలో మెరీన్‌గా ట్యాంకు నడిపినవాడు. ఇప్పుడు ఒక స్కూల్లో భవనాన్ని వేడిచేసే బాయిలర్ చూసుకునే పని. ఆరేళ్ళ కూతురు ఏం చెప్పినా ఆయనకి అర్థం కావడం లేదని భార్య బలవంతంగా పంపించింది.

మామూలుగా గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, నేను ఇవతలనుంచి మాటలు చెబుతాను. వాళ్ళు తిరిగి చెప్పాలి. ఆయన ఇరవై మాటలకి ఇరవై సరిగ్గా చెప్పాడు. గ్రాఫు చూస్తే అది జరిగే పని కాదు. అప్పుడు గమనించాను, ఆయన కళ్ళు నా పెదవుల మీద ఉన్నాయి. ఒక అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఇరవైలో ఆరే చెప్పాడు. అవీ ఊహించి చెప్పినవే. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు చెవి మెషీన్ల కోసం చెవుల అచ్చు తీసుకున్నాను. పని అయిపోయినా ఆయన లేవలేదు.

"ఈ చెవుడు ఎప్పుడు మొదలైందో మీ పరీక్షలో తెలుస్తుందా?" అని అడిగాడు.

తెలియదని, ఇవాళ ఎంత ఉందో మాత్రమే తెలుస్తుందని చెప్పాను.

"నేను ఒక రోజు గురించి అడుగుతున్నాను. ఒక్క రోజు."

అప్పుడు ఆ సంగతి చెప్పాడు. ట్యాంకులో నలుగురుంటారు. డ్రైవరు ముందు భాగంలో, పైన మూత వేసుకుని, ఒక్కడే కూర్చుంటాడు. వెనక ఏముందో అతనికి కనిపించదు. వెనక్కి నడపాలంటే పైనుంచి కమాండర్ చూసి చెప్పాలి. ఆ మాట హెల్మెట్‌లో చెవుల దగ్గర వినిపిస్తుంది. ఆ రోజు ఒక ఊళ్ళో, ఇరుకు వీధిలో, వానలో ఉన్నారు. పొద్దుటినుంచీ ఫిరంగి ఆయన నెత్తిమీదే పేలుతూ ఉంది. నడిచివచ్చే మెరీన్లు గుళ్ళు తగలకుండా ట్యాంకు వెనక నక్కి వస్తున్నారు. బయటివాళ్ళు లోపలివాళ్ళతో మాట్లాడటానికి ట్యాంకు వెనక ఒక పెట్టెలో ఫోన్ ఉంటుంది. ఒక కుర్రాడు ఆ ఫోన్ పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఇంతలో ముందున్న గోడకి రాకెట్ తగిలింది. వెనక్కి పొమ్మని కమాండర్ అరిచాడు. ఈయన పోనిచ్చాడు.

"ఆగమని కూడా అన్నానని కమాండర్ తర్వాత విచారణలో చెప్పాడు. నాకు వినపడలేదని నేను చెప్పాను. బయటివాళ్ళు తుపాకులతో ఇనుము మీద బాదుతుంటే అప్పుడు ఆపాను. అప్పటికే ఆ కుర్రాడు ట్యాంకు కింద ఉన్నాడు."

ప్రమాదమని రాసి మూసేశారట. ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆ సాయంత్రమే అదే ట్యాంకు మళ్ళీ ఆయనచేతే నడిపించారు.

"వినపడలేదని చెప్పాను కానీ నాకు తెలియదు. వినిపించిందేమో. భయపడి, విని కూడా పెడల్ మీంచి కాలు తీయలేదేమో. పద్నాలుగేళ్ళుగా ఆ మాట వినడానికి ప్రయత్నిస్తున్నాను."

అప్పటికే చెవులు పోయి ఉంటే తనది తప్పు కాదు. ఆయన లెక్క అదే. ఆ ముక్క కాయితం మీద రాసిమ్మని అడుగుతున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. బావిలో పడ్డవాడు పైకి చూసి పిలుస్తున్నట్టుంది.

నేను చేసిన మొదటి తప్పు, ఆయన సైన్యంలో ఉన్నప్పటి పాత ఫైలు తెప్పిస్తానని చెప్పడం. అందులో నాకేదో ఆధారం దొరుకుతుందనుకున్నాను. మూడు వారాలకి వచ్చింది. ఆ సంఘటన జరిగిన కొన్ని నెలలకి ఆయన్ని ఇంటికి పంపేటప్పుడు చేసిన పరీక్ష అందులో ఉంది. రెండు చెవులకీ పదిహేనుకి పదిహేను వేసి ఉంది.

ఆయన ఆ కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే నాకు బాగానే వినిపించేది," అన్నాడు.

అది గుసగుస పరీక్షని, పదిహేను అడుగుల దూరంలో నిలబడి మెల్లిగా అంకెలు చెబితే తిరిగి చెప్పడమేనని, సన్నటి శబ్దాలు పోయినవాడు కూడా అందులో నెగ్గుతాడని వివరించాను. బొమ్మ గీసి చూపించాను. ఆయన తల ఊపుతున్నాడు కానీ చూపు ఆ అంకెల మీదనుంచి కదలడం లేదు. ఆయన్ని పైకి లాగుదామని వేసిన తాడుతో నేనే ఇంకా కిందికి తోశానని అర్థమైంది.

వారం తిరక్కుండా అపాయింట్‌మెంట్ లేకుండానే వచ్చాడు. కమాండర్ మిజూరీ రాష్ట్రంలో ఉన్నాడని కనుక్కుని, ఫోన్ నంబరు సంపాదించాడు.

"నేను ఫోన్‌లో మాట్లాడలేను. ఇంట్లో మా ఆవిడకి ఈ సంగతి తెలియదు. మీరు విని నాకు చెప్పండి. ఇంకెవరిని అడగను?"

అది నా ఉద్యోగంలో పని కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన గడ్డం గీసుకుని నాలుగు రోజులైనట్టుంది. లంచ్ టైమ్‌లో నా గదికి రమ్మన్నాను.

ఆయన నాకెదురుగా, మోకాళ్ళు టేబులుకి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. నేను డయల్ చేశాను. అవతల గరుకు గొంతు. నేనెవరో, ఎవరి తరఫున మాట్లాడుతున్నానో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ కమాండర్‌కీ సరిగ్గా వినిపించదు, పైగా నా యాస. ఆ రోజు ఆగమని నిజంగా చెప్పారా అని అడిగాను.

"చెప్పాను," అన్నాడు. "రెండుసార్లు చెప్పాను. రెండోసారి అరిచాను."

రిసీవర్ గట్టిగా చెవికి నొక్కుకున్నాను.

"అతను మీ ముందే ఉన్నాడా?"

ఉన్నాడన్నాను.

"అయితే అలా చెప్పకండి. అతని హెల్మెట్ వైరు ఊడిపోయిందని చెప్పండి."

"నిజంగా ఊడిందా?"

"నేను పైనున్నాను మేడమ్. నాకెలా తెలుస్తుంది?" అని పెట్టేశాడు.

రిసీవర్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన నా పెదవులు చూస్తున్నాడు, కదలడం కోసం. ఒక్క అబద్ధం చాలు. అవతలి మనిషే అనుమతి ఇచ్చాడు. కానీ పద్నాలుగేళ్ళు మొహాలు చూసి మాటలు పట్టుకున్నవాడు, నా మొహంలో ఏమి చదివేశాడో నాకు తెలియదు. ముందుగా, కమాండర్ రెండుసార్లు చెప్పానన్నాడని, రెండోసారి అరిచానన్నాడని చెప్పాను. అంతేనా, ఇంకా ఏదో అన్నాడే అని అడిగాడు. వైరు సంగతి చెప్పాను. ఊడిపోయిందా, ఊడిపోయిందని చెప్పమన్నాడా అని అడిగాడు. చెప్పమన్నాడని చెప్పాను.

ఆయన లేచి, టోపీ పెట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి అంతా మా ఆయనకి చెప్పాను. "ఆ కాల్ నువ్వెందుకు చేశావు? సోషల్ వర్కర్‌కి రిఫర్ చేయాల్సింది," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "చేసినదానివి, వైరు ఊడిపోయిందని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది?" అన్నారు. నేను స్టవ్ ఆపి కంచాలు పెట్టాను.

మెషీన్లు తయారై వచ్చాయి. ఆయన రాలేదు. రెండు ఉత్తరాలు పంపినా రాలేదు. సోషల్ వర్కర్‌కి చెప్పాను. ఆమె కబురు పెడితే, తాను బాగానే ఉన్నానని ఒక కార్డు ముక్క రాసి పడేశాడు. ఇంటికి ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. ఆమెకి ఏం తెలుసో ఏం తెలియదో నాకు తెలియదు కనక, మెషీన్లు వచ్చాయని మాత్రమే చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, ఆయన పనికి వెళ్తున్నాడని, తిరిగొచ్చి ఇంట్లోకి రాకుండా వాకిట్లో కారులోనే కూర్చుంటున్నాడని చెప్పింది. పాప వెళ్ళి అద్దం మీద కొట్టినా తల తిప్పడట. "మీ దగ్గర ఏం జరిగింది?" అని అడిగింది. ఆయన్నే అడగమన్నాను. ఫోన్ పెట్టాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ నెలంతా పొద్దున ఆఫీసు తలుపు తీయాలంటే భయంగా ఉండేది, ఏ కబురు వింటానోనని. రైల్లో పేపరు తెరిచేదాన్ని కాదు.

ఏప్రిల్‌లో భార్యనీ పాపనీ వెంటబెట్టుకుని వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. వాళ్ళని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, తానే చెప్పాడు. భార్యకి అంతా చెప్పేశాడట. తర్వాత ఆరు గంటలు డ్రైవ్ చేసి మిజూరీ వెళ్ళాడట. ఇద్దరికీ వినపడదు. వంటగదిలో ఎదురెదురుగా కూర్చుని కాయితం మీద రాసుకున్నారట.

"ఆగమన్నానని విచారణలో చెప్పాను. అప్పటినుంచి చెప్పాననే నా జ్ఞాపకం. నిజంగా చెప్పానో లేదో నాకిప్పుడు తెలియదు. ఇదీ కమాండర్ రాసింది."

నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆయనకి మాత్రం అలా లేదు.

"ఇంక అడగడానికి ఎవరూ లేరు," అన్నాడు.

మెషీన్లు అమర్చాను. మొదట తన చొక్కా రాపిడికే ఉలిక్కిపడ్డాడు. పాపనీ భార్యనీ లోపలికి పిలిచాను. ఆ పిల్ల స్కూల్లో ఎవరో తన పెన్సిల్ విరగ్గొట్టారని గడగడా చెప్పుకుపోతోంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఏ రంగు పెన్సిల్ అని అడిగాడు. భార్య గోడవైపు తిరిగి నిలబడింది.

నేను చేయగలిగింది ఒకటే. పాత పరీక్షని నమ్మడానికి లేదని, ఫలానా రోజున ఆయనకి ఎంత వినిపించేదో ఇప్పుడు ఎవరూ నిర్ణయించలేరని రిపోర్టులో రాసిచ్చాను. ఆయన అడిగింది అది కాదు.

నేను ఆ ఉద్యోగం వదిలేదాకా, ఇంకో ఆరేళ్ళు, ఏటా ఒకసారి వచ్చేవాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. బాయిలర్ దగ్గర మెషీన్లు తీసేస్తాడని, ఇంట్లో మాత్రం పెట్టుకుంటాడని భార్య చెప్పేది. ప్రతిసారీ కొత్త రిపోర్టు చేతికివ్వగానే, వెళ్ళిపోకుండా తలుపు దగ్గరే నిలబడి, మొదటి అక్షరం నుంచి నా సంతకం దాకా చదివేవాడు. అందులో ఆ రోజు గురించి ఏమీ ఉండదని మా ఇద్దరికీ తెలుసు. చదవడం అయ్యేదాకా నేను తర్వాతి మనిషిని పిలిచేదాన్ని కాదు.