వీపు మీది పేరు

చోడవరం కాంప్లెక్సులో రోలుగుంట బస్సు కోసం కూర్చుంటే, పక్కనున్న నడివయసు మనిషి ఒక ఇంగ్లీషు పేపరు నా ఒళ్లో పెట్టాడు.

“నాకు సదువు రాదు. కొంచెం సూసి సెప్పండి బాబూ. ఈ ఏడు గోల్ఫులో మా సారే నంబర్ వన్ను. ఆయన బ్యాగు మోసింది నేనే. గడ్డి వాలు సూసి బంతి ఎటు దొర్లుతాదో సెప్పేవోణ్ణి. ప్రైజు అందుకున్నప్పుడు నా పేరు సెప్తానన్నాడు.”

చదివాను. సీజను ర్యాంకుల్లో మొదటి స్థానం, ఉత్తమ ఆటగాడి బహుమతి, రెండూ ఆ సారుకే. “ఎవరి సలహా తీసుకోలేదు, వాలు నేనే చూసుకున్నాను” అని చెప్పుకున్నాడు. ఇతని పేరు ఎక్కడా లేదు.

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“మీవల్లే గెలిచానన్నాడు,” అన్నాను.

“ఏదీ, నా పేరు సూపించండి.”

చదువు రాదుగదా అని, పేపర్లో ఆ సారు ఫొటో కింద పెద్ద అక్షరాల మీద వేలు పెట్టాను. అతను చాలాసేపు చూశాడు.

“ఇది ఆయన పేరు బాబూ. ఆటప్పుడు బ్యాగు మోసేవోళ్లకి తొడిగే కోటు ఎనకాల ఇదే రాసుంటాది. ఏడాదంతా ఈపు మీద మోసేను. నాకు తెల్దేటి?”

పేపరు తీసుకుని మడిచాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. రోలుగుంట దాకా అతను నిలబడే వచ్చాడు.