ముందు విడుదల, వెనక శిక్ష

మా అన్న జైలుకు పోయాడు, నేను పోలేదు. నా కుళ్లంతా అక్కడే మొదలైంది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, జనగామలో బస్సు తగలబడిన రోజున ఇద్దరం ఆ గుంపులోనే ఉన్నాం. పోలీసుల ఈల వినగానే అన్న నిలబడ్డాడు. నేను పక్కన ఆగి ఉన్న లారీ కిందికి దూరాను. ఆయనకు మూడేళ్లు పడ్డాయి. నాకు మోకాలు దోక్కుపోయింది. ఉద్యమంలో నేను చిందించిన రక్తం అంతే.

ఆ మూడేళ్లూ అన్న నాగలి కూడా నేనే పట్టాను. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పెద్దవంగర పక్కనున్న మా ఊరికి ఆయన తిరిగొచ్చిన నాడు మాత్రం వాడకట్టంతా వచ్చి దండం పెట్టింది. అవ్వ కొడుకు కాళ్లు కడిగి లోపలికి తీసుకుపోయింది. జైల్లో జంపఖానాలు నేయడం నేర్చుకున్నాడట, వసారాలో మగ్గం వేశాడు. బాపు ఆ పక్కనే మంచం వాల్చుకుని పొద్దంతా ఆయన చేతులనే చూసేవాడు. నేను దున్నిన చెలక గట్టు మీద ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదు.

అయితే దండం పెట్టిన చేతులు, పిల్లనివ్వమంటే వెనక్కి పోయాయి. పాలకుర్తి దిక్కు నుంచి ఒక పిల్ల తండ్రి వచ్చాడు. అన్నను చూశాడు, జంపఖానా తడిమి మెచ్చుకున్నాడు, చివరకు బాపుతో అన్నాడు:

"పిలగాడు బంగారమే బావా. గని ఒకపారి జైలు చూసొచ్చిన మనిషి. మల్ల పోడని ఎట్ల నమ్మాలె?"

ఆలోచించి చెబుతానని బస్సెక్కాడు. ఆ వారమే జనగామ టాకీసులో, జైలు నుంచి వచ్చినవాడు బతుకు కట్టుకునే సినిమా ఒకటి ఆడుతోంది. బాపు నన్ను వెంటబెట్టుకుని పోయి చూశాడు, తువ్వాల తడిసేదాకా ఏడ్చాడు. టైఫాయిడ్‌తో నేను మంచంపట్టినప్పుడు కూడా ఆ కళ్లు అంత తడవలేదు.

"పిల్ల తండ్రిని తీస్కపోయి గీ సినిమ చూపియ్యిరా," అన్నాడు బయటికొచ్చి. "ఇగ నేను చెప్పేదేముంటది."

అన్న పెళ్లయితే గాని నా పెళ్లి కాదు. ఈ సంబంధం చెడితే నాకే నష్టం. కాని అసూయకు అంత చదువు ఎక్కడిది?

మర్నాడు ఆ పెద్దమనిషిని మాట్నీకి తీసుకుపోయాను. దేవుడి సినిమాలు తప్ప ఆయన మరొకటి చూసి ఎరగడు. తెర మీద బొమ్మ పడగానే నాకు తెలిసిపోయింది: ఆపరేటర్ రీళ్లు తారుమారు చేశాడు. ఇంటర్వెల్ తర్వాత రావలసిన సగం ముందే వచ్చింది. హీరో గడ్డంతో జైలు గేటు దాటి బయటికొస్తున్నాడు. ముందు బెంచీల నుంచి రెండు ఈలలు లేచి చల్లారాయి. లేచి పోయి నేనైనా చెప్పవచ్చు. కుర్చీ నన్ను పట్టుకున్నట్టే కూర్చున్నాను.

హీరో ఊరికొచ్చాడు, ఛీ అనిపించుకున్నాడు, వడ్రంగం చేసి నిలదొక్కుకున్నాడు. శుభం పడింది. పెద్దమనిషి లేచాడు.

"కూసో మామా. ఇంటర్వెలే."

"శుభమని ఏసిన్రు గద?"

"సగం శుభం మామా."

ఇంటర్వెల్ తర్వాత పేర్లు పడ్డాయి.

"గిప్పుడు పేర్లేంది పిలగా?"

"కొత్త రివాజు మామా. నడుమల ఏస్తున్నరు."

"గడ్డం గీక్కున్నడేంది?"

"మంచి రోజులొచ్చినయి గద."

ఆ సగంలో హీరో కోపంలో ఒకణ్ని కొట్టాడు, కోర్టుకెక్కాడు, చివరకు జైలు తలుపు మూసుకుంది. లైట్లు వెలిగాయి. బాగుపడిన మనిషి మళ్లీ లోపలికి పోయాడు. పెద్దమనిషి దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే జరిగింది. నాకు లోలోపల చక్కిలిగింత పెట్టినట్టుంది.

బస్టాండులో చాయ్ తెచ్చిస్తే ఆయన ముట్టలేదు.

"మంచిగైన మనిషి. మల్ల పాయె," అన్నాడు.

"పాయె మామా," అన్నాను, వీలైనంత దిగులు తెచ్చిపెట్టుకుని.

"ఎందుకు పాయె? పనున్నది. ఇల్లున్నది. పిల్లనిచ్చినోడున్నడా? మామ అనేటోడు ఒక్కడుంటే, ఠాణా కాడ అడ్డం నిలబడకపోవునా?" తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నా పిల్లనిస్త. ఎనక నేనుంట. పొయ్యి మీ బాపుకు నువ్వే చెప్పు."

ఊరిదాకా బస్సులో లెక్కలు వేసుకుంటూ వచ్చాను. రీళ్ల సంగతి చెప్పి ఉంటే కథ సుఖంగా ముగిసి, అన్న గెలిచేవాడు. చెప్పకుంటే కూడా అన్నే గెలిచాడు. ఆయన్ను ఓడించే సినిమా ఏదీ ఇంకా తీసినట్టు లేదు.

ఇంటికి పోయి చెప్పాను. బాపు మంచం మీద నుంచి లేచి, మగ్గం దాటుకుని నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నా తల పట్టుకున్నాడు.

"నువ్వు సినిమ చూపియ్యబట్టే గద కొడుకా! అన్న కోసం ఎంత కష్టపడ్డవురా."

అన్న నేత ఆపి మా ఇద్దరినీ చూస్తున్నాడు. రీళ్ల సంగతి నాకు నోటిదాకా వచ్చింది. బాపు చేతులు తీసేశాక చెబుదామనుకున్నాను. ఆయన చాలాసేపు తీయలేదు.