పదకొండు వందల మంది పాదాలు

మా ప్రహరీకి అవతల ఉండే చెప్పుల మేస్త్రీని వీధిలో అందరూ కొలతలాయన అంటారు. బజార్లో దొరికే జోళ్లు ఎవరికి పట్టవో వాళ్లకే ఆయన కుడతాడు. పాదం వంకర తిరిగినవాళ్లు, షుగరుకి వేళ్లు పోయినవాళ్లు, ప్రమాదంలో మడమ నలిగినవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. ఆయన ఎడమకాలు కూడా కుడికాలికంటే రెండంగుళాలు తక్కువ. పదహారేళ్లప్పుడు తన జోడు తానే కుట్టుకుని ఈ పనిలోకి వచ్చాడట. ఈ సంగతి ఆయనంతట ఆయన చెప్పలేదు. నేను మూడుసార్లు అడిగితే చెప్పాడు.

ఎవరైనా వస్తే వెంటనే జోడు విప్పనివ్వడు. గుమ్మం నుంచి కుర్చీదాకా నడిపించి, మడమ ఎటు అరిగిందో చూస్తాడు. తరవాత కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ పెన్సిలు తిప్పుతాడు. నొప్పి అన్నచోటల్లా చుక్క పెడతాడు. ఆపైన సున్నపుపిండి లాంటి దాంతో అచ్చు పోస్తాడు. ముప్పై ఏళ్లలో పదకొండు వందల మందికి ఇలా చేశాడు. వాళ్లలో సగంమంది దూరాభారం ప్రయాణాలు చెయ్యలేరు. ఫోన్ చేసి, “పాత కొలతకే ఇంకో జత” అంటే కుట్టి పార్సిలు పంపుతాడు.

ఇల్లేమో రెండు గదులు. “మనుషులం ఇద్దరం, పాదాలు రెండువేల రెండొందలు” అని ఆయన భార్య గొణిగేది. చివరికి ఆమె తమ్ముడు వచ్చి ఒక కంప్యూటరు పెట్టిపోయాడు. ఏడాదిపాటు మొగుడూ పెళ్లాలు కూర్చుని కాగితాలన్నీ, అచ్చుల ఫొటోలన్నీ అందులోకి ఎక్కించారు. రెండు నెలల కిందట ఆమె బండి పిలిపించి అచ్చులూ కాగితాలూ ఖాళీ చేయించింది. ఆ రోజు గోడలు కనబడ్డాయని నన్ను పిలిచి మరీ చూపించింది.

మొన్న సోమవారం నుంచి ఆ కంప్యూటరులో టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. మా వంటింటి కిటికీకి కూడా వినబడింది. రిపేరు చేసే అమ్మాయి వచ్చి, డబ్బాకి చెవి ఆనించి, “లోపల డిస్కు పోబోతోంది. బయట తగిలించే డ్రైవు ఒకటి కొని, ఉన్నదంతా దాంట్లోకి కాపీ చేసుకోండి. అయ్యేదాకా ఆపకండి. ఆపితే మళ్లీ లేస్తుందని నేను మాటివ్వలేను” అంది.

మర్నాడు పొద్దున పదింటికి నేను వెళ్లేసరికి, అరచేతిలో పట్టేంత నల్లటి డ్రైవు బల్ల మీద ఉంది. కొలతలాయన చెమట తుడుచుకుంటున్నాడు.

“అయిపోయింది పెద్దమ్మా. మొత్తం ఎక్కింది.”

“ఎంతసేపు పట్టింది?”

“ఎంతసేపేంటి, చిటికెలో అయిపోయింది.”

“ఏడాదిపాటు ఇద్దరు కూర్చుని ఎక్కించింది చిటికెలో ఎలా దిగింది నాయనా? మా కోడలు ఒక్క పెళ్లి వీడియో కాపీ చేస్తేనే నేను రెండు బిందెలు నీళ్లు పట్టాను.”

“అదీ అడిగేసింది పెద్దమ్మ” అని ఆయన భార్య నవ్వింది. “మీకు తృప్తి కలగాలంటే ఆ కంప్యూటరే దిగొచ్చి చెప్పాలి.”

ఆయనకి నవ్వు రాలేదు. డ్రైవులో ఒక బొమ్మ మీద నొక్కి చూపించాడు. పాదం తెర మీదికి వచ్చింది. ఇంకోటి నొక్కాడు. అదీ వచ్చింది.

“చూశారుగా.”

చూశాను. అయినా నా మనసు ఒప్పలేదు. “ఇదే డబ్బాలో చూస్తే ఏం తెలుస్తుంది? మా కోడలు ఇంటి దగ్గరే పనిచేసుకుంటోంది. దాని ల్యాప్‌టాప్‌లో పెట్టి చూద్దాం, రా.”

ఆయన డ్రైవు జేబులో వేసుకుని నా వెంట బయల్దేరాడు. గుమ్మం దాటుతూ భార్యతో, “ఇంక దీంతో పని లేదు. ఆ చప్పుడు వినలేకుండా ఉన్నాను, కట్టెయ్” అన్నాడు.

మా కోడలు డ్రైవు తగిలించింది. వాళ్లింట్లో చూసిన బొమ్మలే ఇక్కడా వరసగా కనబడ్డాయి. ఒకదాని మీద నొక్కింది. పాదం రాలేదు, ఫైలు కనబడటం లేదని ఏదో చీటీ లాంటిది వచ్చింది. ఇంకోటి నొక్కినా అదే.

“అంకుల్, ప్రతి బొమ్మకీ మూల చిన్న బాణం గుర్తు ఉంది, చూశారా? ఇవి షార్ట్‌కట్లు. పాదాలు కావు, పాదాలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు. మీ కంప్యూటరులో నొక్కితే అక్కడి ఫైలు తెరుచుకుంటుంది. ఇక్కడ అది లేదు కదా.”

“ఆ బొమ్మలు నా బావమరిది పెట్టాడు. నేను వాటినే నొక్కేవాణ్ని, వాటినే కాపీ చేశాను” అంటూ ఆయన లేచాడు. ఆ కాలితో పరిగెత్తలేడు. నేను మాత్రం ఏం పరిగెడతాను, డెబ్బైరెండేళ్లదాన్ని. వంటింటి కిటికీ దగ్గరికి పోయి గొంతెత్తాను.

“అమ్మాయ్, స్విచ్చు ముట్టుకోకు.”

జవాబు లేదు. ఇంకోసారి అరిచాను. వీధి చివర కుక్క మొరిగింది. అప్పుడు ఆమె కిటికీలోకి వచ్చింది.

“ఏంటి పెద్దమ్మా, ఊరంతా వినబడేలా? తుడిచి ఆపుదామని గుడ్డ తీసుకున్నాను.”

“ఆపావా?”

“ఇంకా లేదు.”

కొలతలాయన మా వంటింటి గడప మీదే కూలబడ్డాడు.

తరవాత నలుగురం వాళ్ల ముందుగదిలోనే ఉన్నాం. మా కోడలు అసలు ఫైళ్లు ఎక్కడున్నాయో వెతికి పట్టుకుంది. “మొత్తం ఒకేసారి లాగితే డిస్కు మొండికేస్తుందేమో. కొన్ని కొన్నిగా తీద్దాం. ముందు ఎవరివి?”

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“ముసలివాళ్లవి” అన్నాడు.

“పిల్లలవి తియ్యండి” అంది భార్య. “ఏడాదికి రెండు జతలు కుట్టించుకునేది వాళ్లే కదా.”

“పిల్లల పాదం ఆర్నెల్లకి మారిపోతుంది. ఎలాగూ మళ్లీ కొలవాలి. పెద్దవాళ్ల పాదం మారదు, వాళ్లు ఇక్కడిదాకా రాలేరు. పిల్లలు ఆఖర్న.”

“మరి మీది?”

“నాది నా కాలికే ఉందిగా.”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కాపీ మొదలవగానే టక్కు టక్కు ఆగి, డబ్బా గర్రుమంది. తెర మీద కాపీ ఎంతయిందో చూపే ఆకుపచ్చ గీత నిలిచిపోయింది. కాసేపటికి గీత మళ్లీ కదిలింది. నాకు అంకెలు చదవడం వచ్చు కాబట్టి పైకి చదువుతూ కూర్చున్నాను. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఫ్యాను గాలికి వైరు ఊగితే ఆయన భార్య దాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆమెకి ముక్కు దురద పెడితే నేనే గోకాను.

ఒంటిగంటకి ముసలివాళ్లు అయ్యారు. రెండున్నరకి నడివయసువాళ్లు. పిల్లలవి సగం కాకుండానే ఒక పొడుగాటి కీచు వినబడింది. తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లగానే ఉంది. మూడోసారి మా కోడలే వద్దంది.

డ్రైవు పట్టుకుని అందరం మా ఇంటికి వచ్చాం. ఈసారి ఆయనే నొక్కాడు. ఒక పాదం వచ్చింది. బొటనవేలు లేదు, మడమ దగ్గర రెండు చుక్కలు. ఇంకోటి నొక్కాడు. ఇంకోటి. నలభై దాకా చూసి గానీ చెయ్యి తియ్యలేదు. మా కోడలు లెక్క చెప్పింది: వెయ్యిన్నీ ముప్పై ఒక్కమందివి వచ్చాయి, అరవై తొమ్మిది మంది పిల్లలవి పోయాయి.

“ఆ అరవై తొమ్మిదిమంది అమ్మలకీ ఏం చెప్తారు?” అంది భార్య. కంప్యూటరు పాడైందని చెప్తే సరిపోతుందని నేనన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, అందరి నంబర్లూ ఉన్న తన ఫోను తీశాడు. మొదటి నంబరుకి చేసి, అవతల ఎత్తగానే లేచి నిలబడ్డాడు.

“అమ్మా, చెప్పుల మేస్త్రీని. పాప పాదం కొలత నా దగ్గర లేదండి. పారేసుకున్నాను. తప్పు నాదే. ఒక్కసారి తీసుకురాగలరా, లేకపోతే ఎప్పుడు ఖాళీయో చెప్పండి, కాగితం పట్టుకుని నేనే వస్తాను.”